తోడు రాని విమానం

అన్యాయం ఎవరికి జరిగింది? డ్వైట్ హేవర్‌క్యాంప్‌కు. ఎలా జరిగింది? చెప్పవలసిన తీరులో చెప్పుకుందాం.

ఇంట్లో కట్టుకున్న విమానం మొదటిసారి నేలను వదిలే రోజున, దాని పక్కనే మరొక విమానం తోడు ఎగరాలన్నది ఆ చిన్న విమాన మైదానంలో అందరూ పాటించే పద్ధతి. లోపల కూర్చున్న మనిషికి తన విమానం పొట్ట కనబడదు. ఏది కారుతున్నా, ఎక్కడ పొగ లేస్తున్నా పక్కవాడే చూసి చెప్పాలి.

ఓరిన్ టెష్ కట్టుకున్న విమానాన్ని మొదటిసారి పైకి తీసుకెళ్ళినవాడు డ్వైట్. అప్పట్లో ఓరిన్ భార్య నిండు నెలలతో ఉండేది. మొదటి ఎగురుడుకు తాను పోనని భర్త చేత ఒట్టు వేయించుకుంది. స్నేహితుడి కోసం డ్వైట్ తన ప్రాణాన్ని పణంగా పెట్టాడు. డ్వైట్ వంతు వచ్చిన శనివారం ఉదయం మాత్రం, తోడు వస్తానని మాట ఇచ్చిన ఓరిన్ క్లబ్ గదిలో పాన్‌కేకుల పళ్ళెం ముందు నుంచి లేవలేదు. కారు ఇంజను బిగించిన విమానం వెంట తిరిగి నలుగురిలో నవ్వులపాలు కానన్నాడు. డ్వైట్ చాలాసేపు ఎదురుచూసి ఒంటరిగా వెళ్ళాడు. ఒక గొట్టం ఊడి, ఇంజనును చల్లబరిచే నీళ్ళన్నీ కారిపోతున్న సంగతి అతనికి చెప్పే దిక్కు లేకపోయింది. పొలంలో దిగబోయి, మొక్కజొన్నకు నీరు చిమ్మే పొడవాటి ఇనుప గొట్టాన్ని ఢీకొని మరణించాడు. కారు ఇంజను గాలిలో ఆగిపోయిందనీ, ఆ మనిషి మొండితనమే అతన్ని చంపిందనీ నెబ్రాస్కాలో ఆ జిల్లా అంతా చెప్పుకుంది. ఆ మాట మొదట అన్నది ఓరిన్.

ఇప్పుడు డ్వైట్ కూతురు కొరీన్ కూడా అదే రకం ఇంజనుతో విమానం కట్టింది. పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు అందులో ఉండవు. మూడు మూలల దిమ్మెలు రెండు, ఒక డొల్ల పెట్టెలో గుండ్రంగా తిరుగుతాయి, అంతే. క్లబ్ వాళ్ళు తమ షెడ్లలో కారు ఇంజన్లకు చోటు లేదని తీర్మానించుకున్నందువల్ల, తండ్రి ట్రాక్టర్ కొట్టంలోనే ఆమె ఆ పని అంతా చేసింది.

శనివారం తెల్లవారింది. రన్‌వే చివర కొరీన్ చక్రాల కింద దిమ్మలు పెడుతూంటే, తల్లి ఆర్డిస్ చేతి రేడియోను గుండెకు ఆనించుకొని నిలబడింది.

"తోడు వస్తానన్న లూథర్ ఫోన్ చేశాడమ్మా. రాలేడట. ఆయన ఇంజను మొరాయించింది," అంది కొరీన్. "అసలు సిసలు విమానం ఇంజను, పాపం."

"నవ్వకే. అయితే ఇవాళ వద్దు."

"వచ్చే వారం గాలులు. ఆ పైన కోతలు. ఆగితే మంచు పడేదాకా ఆగాలి."

"ఆగు. మంచు పడితే ఎవరికేం నష్టం?"

"నీళ్ళు తగ్గితే దీపం వెలిగేలా పెట్టానమ్మా. నాన్నకు జరిగింది నాకు జరగదు."

"నాన్నకు జరిగింది జరగదు. ఇంకోటి జరిగితే?"

కొరీన్ చేతిలోని స్పానర్ వైపు చూసింది. ఆ చూపు ఆర్డిస్‌కు తెలుసు. డ్వైట్ కూడా మొండికేసినప్పుడు అలాగే చూసేవాడు. ఆమె వెనక్కి తిరిగి క్లబ్ గది వైపు నడిచింది.

లోపల పెనం మీద పిండి చిటపటలాడుతోంది. బల్ల చుట్టూ ముసలి పైలట్లు. ఓరిన్ గోడవారన కూర్చుని పాన్‌కేకు మీద తేనెపాకం పోసుకుంటున్నాడు. ఆర్డిస్‌ను చూడగానే మాటలు సన్నగిల్లాయి.

"రా ఆర్డిస్, కూర్చో. కాఫీ తాగుతావా?" అన్నాడు పెనం దగ్గరి మనిషి.

"తాగడానికి రాలేదు. ఓరిన్, లే. నా కూతురికి తోడు వెళ్ళాలి."

ఓరిన్ పాకం సీసా కింద పెట్టాడు. "ఆ కుట్టుమిషన్‌కా? నా మోకాళ్ళు చూశావా? మెట్లు ఎక్కడానికే మా ఆవిడ చెయ్యి పట్టుకోవాలి."

"విమానం మోకాళ్ళతో నడపరు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఓరిన్ ముఖం ఎర్రబడింది. "డ్వైట్‌ను నేను చంపలేదు."

"చంపావని నేనన్నానా? బాకీ ఉన్నావంటున్నాను. నీ విమానాన్ని మొదటిసారి ఎవరు ఎగరేశారు? అడుగు వీళ్ళని. ఒక ఎగురుడు తీసుకున్నావు, తిరిగి ఇవ్వలేదు. ఆయన లేడు. పిల్ల ఉంది. దానికివ్వు."

"పిల్ల నన్ను అడగలేదే."

"అది అడగదు. నేనడుగుతున్నాను. నువ్వు రాకపోయినా అది వెళ్తుంది. అప్పుడు కూడా ఈ కుర్చీలోనే కూర్చుని వింటావా?"

ఓరిన్ పళ్ళెం పక్కకు తోశాడు. తరువాత బల్ల పట్టుకొని లేచాడు.

"టోపీ ఇటియ్యండి," అన్నాడు.

కొరీన్ ఇంజను ఆడించింది. తేనెటీగల తుట్టెను కదిపినట్టు ఒక రొద మైదానమంతా కమ్ముకుంది. ఓరిన్ విమానం తన వెనుకకు వచ్చి నిలబడటం చూసి ఆమె తల్లి వైపు ఒక చూపు విసిరింది. అందులో కోపమే ఎక్కువ. అయినా చేయి ఎత్తింది.

రెండు విమానాలూ లేచాయి. క్లబ్ మనుషులంతా కప్పులతో బయటికి వచ్చారు. కిటికీ పైనున్న స్పీకరులో గాలిలోని మాటలు వినిపిస్తున్నాయి. ఆర్డిస్ ఎవరి పక్కనా నిలబడలేదు. మొదటి చుట్టు తిరిగింది. రెండవది మొదలైంది. ప్రతి మలుపులో రెక్క వంగినప్పుడల్లా ఆమె రేడియోను చెవికి ఆనించుకుంది.

"అన్నీ బాగున్నాయి," కొరీన్ గొంతు. "వేడి సరిగ్గా ఉంది. నూనె ప్రెషర్ బాగుంది."

"కొంచెం పైకి జరుగు. నీ కిందికి వస్తున్నా," అన్నాడు ఓరిన్. కొంతసేపటికి మళ్ళీ, ఈసారి నెమ్మదిగా, "కొరీన్, పొట్ట మీద నల్ల చార ఉంది. తోక దాకా పాకింది. నూనె. నిమిషం కిందట లేదు."

"ప్రెషర్ మామూలుగానే ఉంది."

"ఆఖరి చుక్క దాకా మామూలుగానే ఉంటుంది. దాని మాట నమ్మకు. మైదానం వైపు తిరుగు. పవర్ తగ్గించు."

ఆర్డిస్ రేడియోను రెండు చేతులా పట్టుకుంది. మీట నొక్కలేదు. ఇప్పుడు తాను మాట్లాడితే అక్కడ అడ్డం పడుతుందని ఆమెకు తెలుసు.

"కింద చదునైన పొలం కనిపిస్తోంది," అంది కొరీన్. "ఇంజను ఆగకముందే అందులో దింపేస్తాను."

"వద్దు. ఆ పొలంలో నీళ్ళ గొట్టం ఉంది, పైనుంచి నీకు కనబడదు. రన్‌వేకి రా."

"ఆగిపోతే? నాన్నది ఆగిపోయింది కదా."

బయట నిలబడినవారంతా స్పీకరు వైపు తిరిగారు.

"ఆగలేదు," అన్నాడు ఓరిన్. "విను. మీ నాన్న పడిన చోటికి ముందు చేరింది నేనే. ఆ చెక్క ప్రొపెల్లర్ ఆకులు రెండూ మొదలు దాకా పేళ్ళు పేళ్ళుగా పగిలి ఉన్నాయి. ఆగిపోయిన ప్రొపెల్లర్ అలా పగలదు. నీళ్ళు చుక్క లేకుండా, కాలిపోతూ కూడా నేల తాకేదాకా తిరిగింది అది. ఆగిపోయిందని అబద్ధం చెప్పింది నేను. నేను పక్కనుంటే ఆ ఆవిరి చూసి చెప్పేవాణ్ణి, మీ నాన్న బతికేవాడు. నీ ఇంజను నిన్ను తీసుకొస్తుంది. తిరుగు."

కొరీన్ విమానం రెక్క వంచింది. పొలం వైపు కాదు, రన్‌వే వైపు.

"నీ పక్కనే ఉన్నా. చార అలాగే ఉంది, పొగ లేదు. ఎత్తు సరిపోతుంది. ఇప్పుడు పవర్ పూర్తిగా తీసెయ్. అంతే. ముక్కు దించు. ఇంకాస్త."

చక్రాలు తారును తాకాయి. విమానం ఒకసారి ఎగిరిపడి, మళ్ళీ నేల పట్టుకొని, గడ్డి అంచున ఆగింది. ప్రొపెల్లర్ అప్పటికీ నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. కొరీన్ స్వయంగా తాళం తిప్పాక ఆగింది. పొట్ట కింద నూనె బొట్లు బొట్లుగా రాలుతోంది. ఆర్డిస్ పరుగున వెళ్ళి, కూతురు నేల మీద రెండు కాళ్ళూ మోపేదాకా ఆమె మోచేయి వదలలేదు.

ఓరిన్ దిగి కుంటుకుంటూ వచ్చాడు. విమానం కిందికి వంగి, నూనె తడిసిన గొట్టం బిగింపును వేలితో కదిపి చూశాడు.

"బిగింపు వదులైంది. ఇంజను తప్పు కాదు," అన్నాడు, వెనుక చేరిన క్లబ్ మనుషులకు వినబడేలా. "ఇదే బిగింపు నా దాంట్లోనూ ఉంది. డ్వైట్ గురించి మీకు నేను చెప్పిందంతా మర్చిపోండి. ఇందాక పైన చెప్పిందే నిజం. ఇవాళే కారు ఇంజన్ల మీది ఆ తీర్మానం కొట్టెయ్యాలి. ఎవరూ చెయ్యెత్తకపోతే నేనొక్కణ్ణే ఎత్తుతా."

ఎవరూ అడ్డు చెప్పలేదు. పెనం దగ్గరి మనిషి తల నుంచి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఓరిన్ ఆర్డిస్ ముందు నిలబడి తల ఎత్తలేకపోయాడు. "నన్ను క్షమించమని అడగను."

"అడగొద్దు," అంది ఆర్డిస్. "క్షమించడం ఆయన పని, ఆయన లేడు. నాకు రావలసింది రెండే. ఒక ఎగురుడు, ఒక నిజం. రెండూ ముట్టాయి. ఇక నువ్వు నాకు బాకీ లేవు."