మూడు మూతల నీళ్లు

ఆపదలో జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వవచ్చు, ఫాదర్ గారే రానక్కర్లేదు, నీళ్లుంటే చాలు, అని నాకు నేనే చెప్పుకుని, ఆసుపత్రి వాళ్లిచ్చిన గౌను జేబులో నీళ్ల సీసా దాచుకుని పిల్లల వార్డులోకి పోయాను, యాభై తొమ్మిదేళ్ల మనిషిని, దొంగలాగా, నా కూతురు ప్రిస్కిల్లా పై అంతస్తులో కుట్లతో పడుకుని ఉంది, దానికి ఏడో నెలలోనే పుట్టిన బిడ్డ, రెండు రోజులవాడు, పద్నాలుగు వందల గ్రాములవాడు, ఇక్కడ అద్దాల పెట్టెలో ఉన్నాడు, ఆ పెట్టె కంతల్లోంచి రెండు చేతులూ పెట్టి వాడికి జ్ఞానస్నానం ఇచ్చాను, సీసా మూతతో పితకు ఒకటి, పుత్రుడికి ఒకటి, మూడోది పవిత్రాత్మకు పొయ్యబోతే మోచెయ్యి కంత అంచుకు తగిలి సీసా ఒరిగింది, పక్కగుడ్డంతా తడిసిపోయింది, వాడు ఉలిక్కిపడి నోరు తెరిచాడు, ఆ ఏడుపు అద్దం దాటి బయటికి రాలేదు.

అల్లుడు బెంజిమిన్ ఒప్పుకోడని తెలుసు, వాళ్లది బాప్టిస్టు సంఘం, పెద్దయ్యాక తనంతట తాను నమ్మి నీళ్లలో మునగాలంటారు, నిన్న అడిగితే నవ్వాడు, ఈడేం పాపం చేశాడు అత్తయ్యా, పాలు తాగటమే రాదు, అన్నాడు, నాకూ నవ్వొచ్చేదే, నా మొదటివాడు మూడో రోజున పోకపోతే, జ్ఞానస్నానం కాలేదని మా ఊళ్లో ఫాదర్ బదులు గుడి చూసుకునే ఉపదేశి వాణ్ణి సమాధుల గోడ బయట పాతించకపోతే, జన్మపాపం పోని బిడ్డ గదా జోజమ్మా, లోపల పెట్టగూడదు, అన్నాడు ఆయన, ముప్పై ఆరేళ్లుగా ఆ గోడ బయట గడ్డి పీకుతున్నాను, తర్వాత వచ్చిన ఫాదర్లు అట్లా కాదమ్మా, దేవుడి దయకు గోడలేంటి అన్నారు, చెవులతో విన్నాను, కడుపు వినలేదు, అందుకే పెట్టెలో మనవణ్ణి చూడగానే ముక్కు ఎవరిదో, నుదురు ఎవరిదో చూసుకోలేదు, పాపం కడగాలి అనుకున్నాను, ఏ అమ్మమ్మైనా అట్లా చూస్తుందా.

ఇంతలో పెట్టె మిషన్ కూసింది, నర్సు జాన్‌బీ పరుగెత్తుకొచ్చి వాణ్ణి తుడిచి, గుడ్డ మార్చి, వేడి పెంచింది, వెనకాలే డాక్టర్ గారు వచ్చి ఆమె మీద అరిచారు, మిషన్‌లో తేమకు నీళ్లు నింపేటప్పుడు ఒలకబోశావా, బిడ్డ చల్లబడితే ఏమవుద్దో తెలుసా నీకు, నేను పొయ్యలేదు సార్, అందా పిల్ల, మరి వాడే లేచి పోసుకున్నాడా, జాన్‌బీ కళ్లనిండా నీళ్లతో నా వైపు తిరిగింది, అమ్మమ్మా, మీరు పెట్టె కాడే ఉన్నారుగా, మీరన్నా చెప్పండి, అంది, నేను చూళ్లేదమ్మా, నాకేం తెలీదు అన్నాను, సీసా గౌను జేబులోంచి తొడకు చల్లగా తగులుతూనే ఉంది, అంత తేలిగ్గా ఎట్లా వచ్చింది నా నోట ఆ మాట, చిన్నప్పుడు చక్కెర తిని మూతి తుడుచుకున్నంత తేలిగ్గా వచ్చింది.

గంటయింది, బిడ్డ ఒళ్లు మళ్లీ వెచ్చబడిందని చెప్పారు, నా ఒళ్లే చల్లగా ఉంది, వరండా బెంచీ మీద కూర్చున్నాను, జాన్‌బీని రేపటినుంచి రావద్దన్నారట, బ్యాగు గుండెలకు పెట్టుకుని గోడవారన నిలబడింది, అద్దంలోంచి వాడు కనిపిస్తున్నాడు, పొట్ట ఎగిరెగిరి పడుతోంది, చిటికెనవేలంత పాదం, రోజూ మూడు పూటలా త్రికాల జపంలో దేవుడు మనిషయ్యాడని గడగడా అనేస్తాను, మనిషవటమంటే ఇంత అవటమని ఏనాడూ తోచలేదు, ఇట్లాగే పక్క తడుపుకుని, ఎవరో తుడిస్తే తుడిపించుకుని, ఈ ఒళ్లే కావాలని వచ్చిన దేవుడికి ఈ ఒంటిని నేను కడిగి అప్పజెప్పాలా, నా తెలివి తెల్లారినట్టే ఉంది, తప్పెవరిదని అడిగితే తోటలో ఆదాము ఏవను చూపించాడు, ఏవ పామును చూపించింది, నేను వేలు కూడా ఎత్తలేదు, నోరు మూసుకున్నానంతే, దేవుడు తనది కాని తప్పు మోయడానికి ఒళ్లు తెచ్చుకున్నాడు, నేను నాది తీసుకెళ్లి కూతురి వయసు పిల్ల నెత్తిన పెట్టాను.

అత్తయ్యా, అంటూ బెంజిమిన్ కాగితం తెచ్చాడు, ఆ నర్సు మీద కంప్లైంటు, మీరు అక్కడే ఉన్నారుగా, సాక్షి కింద సంతకం పెట్టండి, పెన్ను వేళ్ల మధ్య పెట్టాడు, అవే వేళ్లు, ఇంకా మూత గీరిన గుర్తుంది, ఒక్క గీత గీస్తే చాలు, ఎవరికీ తెలియదు, ప్రిస్కిల్లా నన్ను ఎప్పట్లాగే అమ్మా అని పిలుస్తుంది, పెన్ను తిరిగి అల్లుడి చేతిలో పెట్టాను, నీళ్లు పోసింది నేను నాయనా, ఆ పిల్ల కాదు, చూళ్లేదని అబద్ధం చెప్పాను, అన్నాను, జాన్‌బీ తలెత్తింది, బెంజిమిన్ ఏమంటున్నాడో వినబడటం లేదు, బిడ్డను ఇక నా చేతికిస్తారో ఇవ్వరో, ఇవ్వకపోయినా న్యాయమే, ఆ పెట్టె దగ్గర పాపంతో నిలబడింది నేనొక్కదాన్నే.