పంకజం ట్రాక్టరుకు లోడరు

మా ఇంటి కొళాయి ఎనిమిది నెలలుగా కారుతోంది. మా ఆయన పద్మనాభన్ పీళమేడులో ఒక మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టరు. దూది బేళ్ళను నొక్కే హైడ్రాలిక్ ప్రెస్సు మొరాయించిందంటే, ఏ షిఫ్టులోనైనా సరే, మనిషి పరిగెత్తుకొచ్చేది మా క్వార్టర్స్‌కే. అంతటి పనిమంతుడికి పెళ్ళాం వంటింట్లో ఒక వాషరు మార్చే తీరిక లేదు. అన్నూరులో పంకజం ట్రాక్టరుకు లోడరు బిగించడానికి మాత్రం వరసగా పన్నెండు ఆదివారాలు తీరిక దొరికింది. నేనేమీ గాల్లో చెప్పడం లేదు. వంటింటి క్యాలెండరులో ప్రతి ఆదివారం మీదా బొగ్గుతో గీత గీశాను.

పంకజం ఎవరంటే, మా ఆయనకు సొంత మేనత్త కూతురు. మా వాళ్ళలో మేనత్త కూతురు పుట్టగానే ఎవరికి వెళ్ళాలో తేలిపోతుంది. ఆ లెక్కన ఆమె ఈయనకు రావలసిన పిల్ల. అప్పటికి ఈయన ఉద్యోగం పర్మనెంటు కాలేదని, అన్నూరులో ఎనిమిదెకరాలూ బావీ ట్రాక్టరూ ఉన్న ఇంటికి ఆమెను ఇచ్చేశారు. ఆరు నెలలకు నన్ను తెచ్చి ఈయనకు కట్టారు. ముందు అనుకున్నది దక్కకపోతే ఉన్నదానితో సరిపెట్టుకున్నట్టు. ఈ మాట నాతో ఎవరూ అనలేదు. అనకపోతే మాత్రం నాకు తెలియదా?

అయితే మాలో ఒక కట్టుబాటు ఉంది. వరసైన పిల్లను వేరే ఇంటికి ఇచ్చాక, ఆ ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోకూడదు. ఒకరి పేరు ఒకరు నోట తేకూడదు. పెళ్ళిలోనో చావులోనో తప్పనిసరై ఏదైనా చెప్పాల్సి వస్తే, మధ్యలో మూడో మనిషిని పెట్టుకుని ఆ మనిషితోనే చెప్పాలి. పదహారేళ్ళు ఇద్దరూ దీన్ని తు.చ. తప్పకుండా పాటించారు. నా ధైర్యమంతా ఆ కట్టుబాటు మీదే ఉండేది.

మూడేళ్ళ క్రితం పంకజం మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఆమె తల్లి, అంటే ఈయన మేనత్త పాప్పమ్మాళ్, కూతురికి తోడుగా వెళ్ళి అన్నూరులోనే ఉండిపోయింది. ఊళ్ళో కుర్రాళ్ళంతా మిల్లుల్లో చేరిపోయి, ఎరువు ఎత్తడానికి కూలీ దొరకడం గగనమైపోయింది. అప్పుడు ఈయన పనిచేసే మిల్లు బొగ్గు యార్డులో ఒక పాత లోడరు వేలానికి వచ్చింది. ముందుకు చాచిన రెండు ఇనుప చేతులు, చివర పెద్ద బొచ్చె. దాన్ని ట్రాక్టరుకు తగిలిస్తే పదిమంది చేసే పని ఒక్కరు చేయొచ్చట. ఆ సంగతి అత్త చెవిన వేసింది ఈయనే. బిగించి ఇస్తానని మాట ఇచ్చిందీ ఈయనే. నేను మాత్రం క్యాలెండరులో బొగ్గు గీతలు గీస్తూ కూర్చున్నాను.

పదమూడో ఆదివారం నేనూ చీర మార్చుకుని బస్సెక్కాను.

"నువ్వెందుకే ఎండలో?" అన్నాడు.

"మీ అత్తను చూసి శానా దినాలాయె. చూడగూడదా ఏమి?" అన్నాను. 

వెళ్ళేసరికి కొట్టం ముందు ట్రాక్టరు నిలబడి ఉంది. యాభై ఒకటిలో దొరల సీమ నుంచి వచ్చిన బండి. రంగు ఎప్పుడో పోయింది. దాని ముక్కు ముందు ఆ ఇనుప చేతులు. పక్కన పంకజం. చీర మీద పోయిన మొగుడి ఖాకీ చొక్కా తొడుక్కుని, మోచేతుల దాకా గ్రీజుతో ఉంది. నలభైకి దగ్గర పడుతున్న ఆడది, ఆ చొక్కాలో నాకంటే పదేళ్ళు చిన్నగా కనిపించింది. దేవుడికి ఎవరికి ఏది ఇవ్వాలో తెలియదు.

"రా అక్కా," అంది నవ్వుతూ. "నువ్వు వస్తే బాగుంటుందని అమ్మతో చెప్తాండితిని."

నేనూ నవ్వాను. నా నవ్వు ఎలా ఉందో నాకు తెలియదు గానీ, పాప్పమ్మాళ్ అత్త మాత్రం నా మొహం చూసి వెంటనే కాఫీ పెట్టించింది.

పని మొదలైంది. మంచం మీద అత్త. ఇటు మా ఆయన, అటు పంకజం. ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం కూడా లేదు. అయినా మాట మాత్రం మంచం చుట్టూ తిరిగి రావాలి.

"అత్తా, ఆయిలు లెవెలు చూడమను."

"పంకజం, ఆయిలు చూడమంటాడు."

"చూస్తిని అమ్మా, రెండు వేళ్ళు తక్కువుండాది."

"రెండు వేళ్ళు తక్కువంట రా."

ఇది చూసి నాకు నవ్వొచ్చింది. పన్నెండు ఆదివారాలూ ఇలాగే గడిచాయా, దీనికా నేను అన్నం సయించక కృశించిపోయింది అనుకున్నాను. గుండె కొంచెం తేలికైంది. అంతలో మా ఆయన బండి కింద పడుకుని, చూడకుండానే చెయ్యి బయటికి చాపాడు. పంకజం వెతకకుండానే ఒక స్పానరు తీసి ఆ చేతిలో పెట్టింది. సరిగ్గా కావలసిన సైజు. ఆయన నెంబరు చెప్పలేదు, అత్త మధ్యలో లేదు. మళ్ళీ చెయ్యి చాపాడు. ఈసారి గుడ్డ పెట్టింది. మళ్ళీ చాపాడు, ఇంకో స్పానరు.

మా ఇంట్లో ఈయనకు అన్నంలోకి ఉప్పు కావాలంటే మూడుసార్లు అడగాలి. అందులో నా తప్పూ ఉండొచ్చు. కానీ ఆ చెయ్యి అలా నమ్మకంగా గాల్లోకి చాచడం పదహారేళ్ళలో నా వైపు ఒక్కసారీ జరగలేదు. కట్టుబాటు నోటికే పెట్టారు మా పెద్దలు. చేతులకు పెట్టడం మరిచిపోయారు. 

ఊరికే నిలబడలేక, "ఇంత ఇనుము ఎందుకు వెనకదాకా?" అని అడిగాను. బొచ్చె ముందుంటే, రెండు పక్కలా లావు ఇనుప చానెళ్ళు బండి వెనక ఇరుసు దాకా పోయి ఉన్నాయి.

ఆయన కళ్ళు వెలిగాయి. "ఈ పాత బండికి కింద చాసిస్ చట్రం లేదు. ఇంజనూ గేరుబాక్సూ ఒకటికొకటి అతికి నిలబడుకొని ఉండేది. బొచ్చెను ముందర మాత్రం బిగిస్తే, బరువుకు ఆ అతుకు కాడ విరిగిపోతుంది. అందుకే బరువంతా వెనక ఇరుసు మీదికి తోస్తిని. నాలుగు వారాలు పట్టింది ఈ చానెళ్ళకే."

ఇంత పొడుగు మాట ఈయన నాతో ఎప్పుడు మాట్లాడాడో గుర్తు లేదు. అదీ ఇక్కడికొస్తే గానీ రాలేదు.

మధ్యాహ్నానికి అంతా బిగిసింది. గొట్టాలు తగిలించారు, ఆయిలు పోశారు. పంకజం సీటెక్కి లీవరు లాగితే, ఖాళీ బొచ్చె బుసకొడుతూ పైకి లేచింది. ఎక్కడా చుక్క కారలేదు. అత్త మెటికలు విరిచింది. ఇక బరువు ఎత్తి చూడాలి.

మా ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "అత్తా, ఈ దినం వద్దని చెప్పు. ముందర బరువెత్తితే వెనక తేలిపోతుంది. డ్రమ్ములో కాంక్రీటు పోసి వెనక తగిలించాల. సిమెంటు పర్మిట్టు ఇంగా రాలేదు. నాలుగు ఇసక మూటలు చాలవు. ఇంకో రెండు వారాలు పోనీ."

ఇంకో రెండు వారాలు! ఇంకో రెండు బొగ్గు గీతలు. ఇంకో రెండు ఆదివారాలు ఆ చెయ్యి గాల్లోకి చాచడం, ఆ చేతిలోకి స్పానరు వచ్చిపడడం. నా వల్ల కాదు. ఈ భాగోతం ఈరోజుతో ముగిసిపోవాలి.

"నేను ఎక్కుతాను వెనక," అన్నాను. "రెండు మూటల బరువుంటాను నేను."

"పిచ్చా నీకు? వద్దు."

"ఏమి, మీరు బిగించిన దాని మీద మీకే నమ్మకం లేదా?"

ఫిట్టరుకు ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. వెనక కొక్కానికి కట్టిన పలక మీద ఇసక మూటలున్నాయి. వాటి పక్కన ఎక్కి, రెండు చేతులతో మడ్గార్డులు పట్టుకుని నిలబడ్డాను. నా ముందు పంకజం వీపు, ఆ ఖాకీ చొక్కా. చూద్దాం ఈమె చూపు ఎటు తిరుగుతుందో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, అందుకు కూడా ఎక్కాను.

"అత్తా, అర బొచ్చె చాలని చెప్పు. జానెడు ఎత్తు మాత్రం లేపమను," అని, ఈయన బండి ముందు పక్కకు పోయి గొట్టాల దగ్గర వంగి కూర్చున్నాడు.

పంకజం బండిని ఎరువు కుప్పలోకి పోనిచ్చి, బొచ్చె సగం నింపి ఆపింది. సగమే. కానీ ముందు రోజు వాన పడింది. పైన పొడిగా కనిపించే కుప్ప లోపల నీళ్ళు తాగి రాయిలా ఉందని ఎవరికీ తోచలేదు. లీవరు లాగింది. బొచ్చె లేచింది. జానెడు దాటి, మోకాలి ఎత్తు దాటి లేస్తూనే ఉంది.

"అత్తా, చాలని చెప్పు!" అన్నాడు ఈయన.

అత్త నోటి నిండా ఆకువక్క. ఉమ్మితే గానీ మాట రాదు. మంచం మీద నుంచి వంగి తమ్మపడిగ కోసం వెతుక్కుంటోంది. కూతురేమో తల్లి గొంతు కోసం ఎదురుచూస్తోంది. పన్నెండు వారాలుగా ఆమె చెవి ఆ ఒక్క గొంతుకే అలవాటు పడింది. ఈయన మాట విన్నా, అది తనతో అన్న మాట కాదు కదా!

నా కాళ్ళ కింద పలక మెల్లగా లేచింది. ముందు అర్థం కాలేదు. పక్కన పెద్ద చక్రం నేల వదిలి గాల్లోకి లేవడం చూశాను. బండి మొత్తం ముక్కు మీదికి వంగిపోతోంది. ఇసక మూటలు నా కాళ్ళ మీదికి జారాయి. మడ్గార్డులు గట్టిగా పట్టుకున్నాను, అంతలో బండి ముందు నుంచి ఈయన అరిచాడు:

"పంకజం! దించు! పంకజం!"

లీవరు ముందుకు పోయింది. బొచ్చె కిందికి, వెనక చక్రాలు దభీమని నేల మీదికి. నేను మూటల మీద పడ్డాను. మోచెయ్యి కొట్టుకుపోయింది, అంతే.

ఇంజను ఆగింది.  అప్పుడు పాప్పమ్మాళ్ అత్త తీరిగ్గా ఉమ్మి, మూతి తుడుచుకుని, "పంకజం, చాలంటాండాడు," అంది.

ఈయన పరిగెత్తుకొచ్చి నన్ను దించాడు. నా మోచెయ్యి తిప్పి తిప్పి చూశాడు. మొహంలో నెత్తురు లేదు. నేను చూసింది అవేవీ కాదు.

"పేరు నోట్లోకి బాగా వచ్చెనే," అన్నాను.

"లీవరు ఎవరి చేతిలో ఉండాది? నిన్ను పిలిస్తే బండి దిగుతుందా?" అన్నాడు. 

పంకజం సీటు దిగి వచ్చింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. "అక్కా, నా ఇంటాయన పోయిన దినం గూడ ఈయన నాతో ఒక మాట అనలేదు. అమ్మతో చెప్పి పోయినాడు. ఈ దినం నీ కోసరం అనేశాడు. నీ కోసరమే అక్కా."

తెలుసు. అబద్ధమైతే బాగుండునని కూడా అనిపించింది, అప్పుడు నాలుగు తిట్టి బస్సెక్కేదాన్ని. ఆ అరుపులో భయం నా కోసమే, నిజమే. కానీ ఆ భయానికి దొరికిన పేరు ఆమెది. పదహారేళ్ళు నోట రాని పేరు, వెతుక్కోకుండా, తడబడకుండా ఒక్కసారిగా వచ్చేసింది. లోపల ఎక్కడో ఎప్పుడూ సిద్ధంగా ఉంటే తప్ప అలా వస్తుందా? మరి నాకు పేరంటూ ఒకటి ఉందని ఈ మనిషికి గుర్తుందా? నేను "ఏమే"ని. "ఇదో"ని. "ఇందా"ని. ఇంటికి ఎవరైనా వస్తే "మా ఇంట్లో ఉండేది"ని.

సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మోచేతికి పంకజం కట్టిన గుడ్డ.

"ఏమండీ, నా పేరేమి?" అన్నాను.

"ఇదేమి ప్రశ్న?"

"చెప్పండి."

అటూ ఇటూ చూశాడు. మిల్లు సెకండు షిఫ్టుకు పోయేవాళ్ళతో బస్సు కిక్కిరిసి ఉంది. మగవాడు పెళ్ళాం పేరు నలుగురిలో చెప్పడం మాలో పరువు తక్కువ. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"తిలకవతి," అన్నాడు చివరికి, రేషను కార్డు చదివినట్టు.

"వినపడలేదు."

"తిలకవతి."

ముందు సీటు ముసలాయన తల తిప్పాడు. ఈయన చెవులు ఎర్రబడ్డాయి. చూస్తే పాపం అనిపించింది. పాపం అనిపిస్తూనే ఉంది, అయినా ఎరువు కుప్ప దగ్గర విన్న ఆ గొంతు నా చెవుల్లోంచి పోవడం లేదు.

"ఇంకా గట్టిగా," అన్నాను.