సింగయ్య నడుం

బస్తా మెడమీద పడగానే అంద్రెయ ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలి నడక అందుకున్నాడు. పందొమ్మిదేళ్ళుగా అదే నడక. మోకాళ్ళు కొంచెం వంచి, బొటనవేళ్ళు నేలలో గుచ్చినట్టు పెట్టి, చూపు రెండు గజాలు దాటనివ్వకుండా నడుస్తాడు. ఆ తెనాలి బియ్యం మిల్లులో బస్తాలు మోసే ముఠావాళ్ళందరి నడకా అంతే. ఎవరు ఎవరో తెలియాలంటే మొహాలు చూడాలి. ఆ మొహాలకేమో ఎప్పుడూ తవుడు!

అది అరవైతొమ్మిది వేసవి. ఆ పొద్దున గుంటూరు నుంచి డాక్టరొచ్చాడు. బరువులు మోసేవాళ్ళ నడుములూ మోకాళ్ళూ చూసి, ఎవరికి ఎంత ప్రమాదముందో కాగితం మీద రాసిస్తాడట. ముఠాలో ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. రాసుకునేది పనిలోంచి పీకెయ్యడానికి కాకపోతే మరెందుకు?

అందరికంటే భయపడ్డది సింగయ్య. వేమూరు మనిషి, యాభై దాటాడు, సెంటు భూమి లేదు. రెండేళ్ళుగా నడుం పట్టేస్తోంది. ముఠాలో ఒక ఆనవాయితీ ఉంది. ఒకడికి ఒంట్లో బాగోకపోతే అతని వంతు బస్తాలు తక్కినవాళ్ళు పంచుకు మోస్తారు. చీటీలో పేరు మాత్రం అతనిదే. అలా సింగయ్యని కాపాడుకుంటూ వస్తున్నారు. బస్తా మీద బస్తా పేర్చిన ఎత్తు నెట్టుల మీదికి మాత్రం ఎక్కనిచ్చేవారు కాదు.

"ఒరే అంద్రెయా, నీ వంతు అయ్యాక మొహం కడుక్కుని సింగయ్య పేరుమీద ఇంకోసారి వెళ్ళు," అన్నాడు మేస్త్రి శివరామయ్య. బస్తాలు పంచుకున్నవాళ్ళకి పరీక్ష పంచుకోవడం తప్పనిపించలేదు.

కాంపౌండరు సింగయ్య పేరు పిలిచాడు. అంద్రెయ తలకి తుండు చుట్టుకుని లోపలికెళ్ళాడు. డాక్టరు వంగమన్నాడు, సగం బస్తా ఎత్తమన్నాడు, వెన్ను పొడుగునా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు.

"నొప్పుంటే దాచకయ్యా. నడుం చెడినవాళ్ళకి బస్తా మూతులు కుట్టే పని ఇవ్వమని రాసిస్తాను. కూలి తగ్గదు. మిల్లువాళ్ళు ఒప్పుకున్నారు."

అంద్రెయ తల తిప్పి డాక్టరు మొహంలోకి చూశాడు. నిజమేనా? నిజమైతే చెప్పాలి. చెబితే దొంగ పేరుతో వచ్చినట్టు తేలిపోతుంది, ఇద్దరికీ ఉద్వాసన. అయినా ఇలాంటి తీపి మాటలు ఎన్ని వినలేదు!

"నొప్పా? లేదండి."

"భేష్! ఇరవయ్యేళ్ళవాడి నడుమయ్యా సింగయ్యా నీది."

ఆ మాటకి అంద్రెయకి సంతోషం కూడా వేసింది. పాపం, ఆ క్షణానికి అది తన నడుమేగా.

డాక్టరు గుంటూరు బండి అందుకోవాలని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మేనేజరు కాగితం పట్టుకుని గోదాములోకొచ్చాడు. ముగ్గురికి మూతులు కుట్టే పని ఇచ్చాడు. నిజంగానే ఇచ్చాడు! గట్టి నడుములవాళ్ళని ఎత్తు నెట్టు ఎక్కమన్నాడు. మొదటి పేరు సింగయ్యది.

"ఆయన వంతు నేను మోస్తానండి," అన్నాడు అంద్రెయ.

"నీ వంతు నువ్వు మొయ్యి. కాగితం చూశావా, అతనిది నీకంటే గట్టి నడుం!"

నెట్టుకి ఆనించిన ఏటవాలు చెక్క మీద సింగయ్య ముందు, అంద్రెయ వెనక. నాలుగోసారి ఎక్కేటప్పుడు సింగయ్య పిక్కలు వణకడం కనిపించింది.

"మావా, దించెయ్."

"వంగితే లేవలేన్రా. పోనియ్యి."

ఇంకో మూడడుగులు వేశాడు. నాలుగో అడుగుకి చెక్క మీద కాలు దొరకలేదు. కేక కూడా పెట్టలేదు. మనిషి పడి, మీద బస్తా పడ్డ చప్పుడు ఒక్కటే వినిపించింది. కిందికి దిగి బస్తా లాగేసరికి అయిపోయింది.

సాయంత్రం వేమూరులో సింగయ్య ఇంటి దగ్గర, శవాన్ని పడుకోబెట్టాలి, నులకమంచం అడ్డు తియ్యమన్నారెవరో. అంద్రెయ లోపలికెళ్ళి మంచం మీదికి వంగాడు. మొహానికి ఏదో తగిలింది. దూలానికి కట్టిన కొబ్బరితాడు.

"ఏంటత్తా ఇది?"

సింగయ్య భార్య సుబ్బులు గోడకి చేరబడి ఉంది. "అది పట్టుకునే లేచేవాడయ్యా పొద్దున్నే. నేను వెనకనుంచి నెట్టేదాన్ని. మీకెవరికీ చెప్పొద్దన్నాడు." మళ్ళీ తనే అడిగింది. "ఇయ్యాల డాక్టరు చూశాడంటగా. ఏమన్నాడు నాయనా?"

డాక్టరు బొటనవేలు ఇంకా వెన్నులోనే ఉన్నట్టుంది అంద్రెయకి. నేనే చంపానత్తా అనబోయాడు.

"నడుం బాగుందన్నాడత్తా."

మంచం బయటికి తీసుకుపోయారు. ఖాళీ గదిలో తాడొక్కటే వేలాడుతోంది. దాని పొడుగునా జానెడుకొకటి నాలుగు ముడులున్నాయి, చేతులు పట్టీ పట్టీ నాలుగూ నున్నగా అరిగిపోయాయి.