నది అవతలికి రెక్కల చక్రం

ఆర్మీ సరుకుల డిపోలో ఆ ఇద్దరూ మామాకోడళ్లని కొత్తవాళ్లెవరూ పోల్చుకోలేకపోయేవారు. మామగారు ముప్ఫయ్యేళ్లుగా లేతు మిషను మీద పనిచేస్తున్న మేస్త్రి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోడని అందరూ ఆయన్ని ‘మైక్రాను మేస్త్రి’ అనేవారు. కోడలు ఇంజినీరు. ఏడాది కిందట డిపోకి రెండు త్రీడీ ప్రింటర్లు వచ్చినప్పుడు వాటిని నడపడానికి ఆమెను తీసుకున్నారు. ఇంట్లో కోడలి మాట జవదాటని ఆ పెద్దాయన వర్క్‌షాపులో మాత్రం ఆమెతో ప్రతిదానికీ పేచీ పెట్టేవాడు.

వరదకు వంతెన కొట్టుకుపోయిన మూడో రోజు పొద్దున్నే కెప్టెన్ హడావిడిగా వచ్చాడు.

“మేడమ్, అవతలి ఒడ్డున మన నీళ్ల బండి ఆగిపోయింది. పంపులో రెక్కల చక్రం విరిగిందట. శిబిరంలో రెండు వేలమంది ఉన్నారు. తాగేనీళ్లు ఈ సాయంత్రం దాకానే వస్తాయి.”

మురికినీటిని శుభ్రం చేసే బండి అది. కొత్త చక్రం పెద్ద గోదాములో ఉంది గాని, చుట్టుదారిన చేరడానికి నాలుగు రోజులు. హెలికాప్టర్లన్నీ ఇళ్ల కప్పుల మీద చిక్కుకున్నవాళ్లను దించుతున్నాయి. మిగిలింది డిపో డ్రోను. అది నాలుగు కిలోలకు మించి మోయదు.

“చక్రం కిలో కూడా ఉండదు. ఇక్కడే చేసేస్తాను. మధ్యాహ్నానికి డ్రోను సిద్ధం చేయించండి,” అంది కోడలు.

అనేశాక గాని ఎంత మాట అన్నదో ఆమెకు తట్టలేదు. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

కంప్యూటర్లో డ్రాయింగు తెరిచి ప్రింటు మొదలుపెట్టబోతుంటే వెనక నుంచి మామగారి గొంతు వినిపించింది.

“ఆగమ్మాయ్. ఆ బండి పాతదా, కొత్తదా?”

“ఏదైతేనేం మామయ్యా, పంపు ఒకటేగా!”

“పాతవాటికి చక్రం తొడిగే షాఫ్టు సన్నం. నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో! ఇందులో ఉన్నట్టే పంపితే అక్కడ లొడలొడలాడుతుంది.”

ఆమెకు చిరాకేసింది. అయినా అవతలి ఒడ్డున ఉన్న డ్రైవరుకు ఫోను చేసి షాఫ్టు కొలవమంది.

“దేంతో కొలవనండీ? స్కేలు తప్ప ఏమీ లేదిక్కడ!”

మామగారు ఫోను లాక్కున్నాడు. “సన్నటి కాగితం ముక్క షాఫ్టు చుట్టూ బిగించి చుట్టు. అంచు కలిసినచోట పెన్నుతో గీత పెట్టు. విప్పి, స్కేలు మీద పెట్టి చెప్పు.”

“అరవై తొమ్మిది మిల్లీమీటర్లండీ.”

ఆమె ఆ చుట్టుకొలత నుంచి గబగబా లెక్క కట్టింది. షాఫ్టు మందం ఇరవై రెండు. డ్రాయింగులో ఉన్నది ఇరవై అయిదు.

“మీరు ఆపకపోతే కొంప మునిగేది మామయ్యా.”

“ఇప్పటికి మునిగినవి చాలుగాని, రంధ్రం కాస్త బిగువుగా ప్రింటు చెయ్యి. చివరి కోత నేను వేస్తాను.”

ఒకటి చెడితే మరొకటి ఉండాలని రెండు ప్రింటర్ల మీదా మొదలుపెట్టింది. గట్టి నైలాను తీగ కరిగి పొరమీద పొరగా చక్రం లేవసాగింది. మూడో గంటలో ఒకదాని అంచు లేచి వంకరపోయింది. ఆమె జంకకుండా దాన్ని ఆపేసి, రెండోదాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒంటిగంటకు అది చేతికొచ్చింది. మామగారు లేతు మీద బిగించి ఊపిరి బిగబట్టి కోత వేశాడు. ఇరవై రెండు మిల్లీమీటర్ల కడ్డీకి తొడిగి చూశాడు. చక్కగా పట్టింది.

“పంపించు,” అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు.

డ్రోను పదకొండు నిమిషాల్లో నది దాటింది. గంటన్నర తర్వాత డ్రైవరు ఫోను చేశాడు. వెనక పంపు హోరులో అతని మాటలు సగమే వినబడ్డాయి.

“తిరుగుతోందండీ! నీళ్లు తేటగా వస్తున్నాయి! ప్లాస్టిక్కు కదా, ఎన్నాళ్లు వస్తుంది?”

“వారం ఢోకా లేదు. ఈ రాత్రికే ఇంకొకటి చేసి ఉంచుతాం,” అంది కోడలు.

తాత్కాలిక వంతెన పడేదాకా తొమ్మిది రోజులు ఆ చక్రమే తిరిగింది. ఈలోగా మామగారు డిపోలోని పాత బండ్లన్నీ విప్పించి భాగాలు కొలుస్తుంటే, కోడలు ఆ కొలతలతో డ్రాయింగులు సరిదిద్దసాగింది. నెల తిరిగేసరికి నూట నలభై పూర్తయ్యాయి. మిగతా డిపోల వాళ్లు కూడా అవి తమకు పంపమని అడిగి తీసుకున్నారు.