ఆరు బల్బుల వంటిల్లు

మేం ఒకప్పుడు ఉన్న హెఫెంగ్ సందును బాగుచేసి జనం చూసేందుకు మళ్లీ తెరిచారనీ, పాత కాపురస్థులకు టికెట్ అక్కర్లేదనీ కబురొస్తే నేనేమీ సంబరపడలేదు. ఊరికే ఎవరైనా ఏదైనా ఇస్తారా? ఏం తిరకాసు పెట్టారో చూద్దామని వెళ్లాను. ఇటుకలన్నీ బ్రష్షుతో తోమినట్టున్నాయి. మేం ఏడు కుటుంబాలవాళ్లం ఉన్న తొమ్మిదో నంబరు ఇంటి తలుపు నల్లగా మెరుస్తోంది. మా రోజుల్లో ఆ తలుపు ఒక్కనాడూ సరిగ్గా మూసుకోలేదు.

ఏడు కుటుంబాలకూ కింద ఒకటే వంటిల్లు. దాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టామని బోర్డు పెట్టారు. కింద చిన్న అక్షరాలతో, తావ్ గారు చెప్పిన వివరాల ప్రకారం అని ఉంది. ఆ పేరు చూడగానే నాకు ఒళ్లు మండింది. తలెత్తి బల్బులు లెక్కపెట్టాను. షాంఘైలో అలాంటి వంటిళ్లలో ఎవరి బల్బు వాళ్లది, ఎవరి మీటరు వాళ్లది, స్విచ్చి కూడా ఎవరి గదిలో వాళ్లకే. ఒకరి వెలుగులో ఇంకొకరు కూర తరిగితే దొంగతనం కిందే లెక్క. ఇక్కడ అన్నిటికీ కలిపి ఒకటే స్విచ్చి! పోనీ అనుకుంటే, బల్బులు ఆరే ఉన్నాయి. సింకు మీద ఉండాల్సిన మా బల్బు లేదు.

నలభై అయిదేళ్ల కిందట, అదే ఇంట్లో ఉండే ఈ తావ్ పిన్నే, ఇల్లంతా వినేలా మా అమ్మను 'వెలుగు దొంగ' అంది. అమ్మ మారు మాట్లాడలేదు. పోయేదాకా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఇప్పుడు బల్బు ఎగరగొట్టి, ఆ నిందను ఊరంతా చూసేలా చేసిందన్నమాట. మేనేజరు లూ అనే అమ్మాయిని పట్టుకుని, ఏడో బల్బు పెట్టాలనీ, బోర్డు మీద ఆ పేరు తీసేయాలనీ గట్టిగా చెప్పాను.

"ఆవిడ ముంగిట్లోనే ఉన్నారు ఆంటీ. రోజూ వస్తారు. ఓసారి అడగండి," అంది.

రోజూ ఎందుకొస్తుంది? ఇంకేం మార్పించడానికి?

తావ్ పిన్ని ఎండలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది. ఎనభై దాటినా పళ్లు గట్టిగానే ఉన్నాయి.

"ఎవరూ, ఆఫాంగ్ నువ్వేనా? లావయ్యావే!"

"నా లావు సంగతి తర్వాత. మా బల్బేది పిన్నీ?"

"మీకు బల్బెక్కడిది?"

"మా తీగ సింకు మీద వేలాడేది. కళ్లారా చూశాను."

"పగలు చూసుంటావు, తీగే చూసుంటావు. పొద్దుగూకాక ఎప్పుడైనా కిందికి దిగావా? మీ అమ్మ దిగనిచ్చిందా?"

దిగనివ్వలేదు. సాయంత్రమైతే నన్ను పుస్తకాల ముందు కూర్చోబెట్టి తలుపు వేసేది.

"మీ నాన్న ఎక్కడో కొండల్లో ఫ్యాక్టరీలో ఉండేవాడు. రెండో బల్బుకు డబ్బెక్కడిది? ఉన్న ఒక్క బల్బూ పీకి పైన నీ నెత్తిన పెట్టింది మీ అమ్మ. కింద చీకట్లో వండేది. ఓసారి వేలు కూడా తెగ్గోసుకుంది."

అమ్మ చూపుడువేలి మీద మచ్చ నాకు తెలుసు. చేప ముల్లు గీసుకుందని చెప్పింది.

"మరి నువ్వే దొంగ అన్నావుగా!"

"అన్నాను. ఏం చెయ్యను మరి? ఆ వేలు తెగాక నా బల్బు వేసి, మీ అమ్మ వంటయ్యేదాకా అదే ఆకుకూర మూడుసార్లు కడుగుతూ నిలబడేదాన్ని. మా అత్త కనిపెట్టేసింది. 'ఎవరికోసమే ఈ వెలుగు?' అని మెట్ల మీంచి నిలదీసింది. మీ అమ్మే నాకు సైగ చేసింది, నేరం తన మీదికి తోసెయ్యమని. తోసేశాను."

పోయినవాళ్ల సైగలు ఎన్నయినా చెప్పొచ్చు. నేనంత తేలిగ్గా నమ్మే మనిషిని కాదు.

"నువ్వు వంటింట్లో నీ నూనె సీసాకు కాపలాగా నిలబడతావని అమ్మే చెప్పేది నాకు!"

"చెప్పక? చీకట్లో వండుతున్నానంటే నువ్వు పైన కూర్చుని చదివేదానివా?"

చేప ముల్లులాగే నూనె సీసా కూడా అమ్మ కట్టిన కథేనన్నమాట. ఇంతలో లూ వచ్చింది.

"ఏడో బల్బు రేపే పెట్టిస్తాను ఆంటీ. మరి ఆ పేరు తీసేయమంటారా?"

పిన్ని నావైపు చూడకుండా గోడవైపు తిరిగింది.

"బల్బు వద్దు," అన్నాను. "ఉత్త తీగ వేలాడదీయి. మా అమ్మ తావ్ పిన్ని వెలుగులో వండేదని రాయి. అమ్మ పేరు గు పెయిజువాన్."

"జనం తప్పుగా అనుకుంటారేమో ఆంటీ."

"అనుకోనీ. ఆ దొంగ వెలుగు పుణ్యాన పైన చదువుకున్నది నేనని కూడా రాయి."