డమ్మీ అభ్యర్థి

"ఉతికింది చాల్లే. బట్టలు మార్చుకో. మూడింటిలోపు వెళ్ళి సంతకం పెట్టి రావాలి" అన్నాడు మా ఆయన, వాచీ చూసుకుంటూ. ఎన్నికల ఆఫీసు పక్కవీధిలోనే.

బాత్రూంలో, నా ముందు బకెట్లో ఆయన తెల్లచొక్కాలు నానుతున్నాయి. ప్రచారం మొదలైన దగ్గర్నుంచి రోజుకు మూడు. ఆయన ఉపన్యాసాలూ నా చేతి పనే. "ఫ్యాక్టరీ విషాన్ని మన కుళాయిల్లోకి ఇక రానివ్వను" అన్న వాక్యం నేను రాసిందే. దానికి చప్పట్లు కొట్టిన ఆడవాళ్ళ ఇళ్ళకు, ఉద్యోగం నుంచి వచ్చాక కాళ్ళరిగేలా తిరిగిందీ నేనే. ఆయన నామినేషన్‌ను ఏ చిన్న తప్పుకో కొట్టేస్తే పనికొస్తుందని నా చేత కూడా ఒకటి వేయించారు. డమ్మీ అంటారు. "కారుకి స్టెప్నీ ఉండదూ, అలాగన్నమాట" అని నవ్వాడు అప్పుడు.

ఈ ఉదయం పార్టీ నుంచి ఫోనొచ్చింది. సీటు, ముందే నామినేషన్ వేసి ఉంచిన ఆ ఫ్యాక్టరీ యజమానికే ఇచ్చేశారట. మా ఆయనకు ఏదో చైర్మన్ పదవి, ఒక సూట్‌కేసు. మధ్యాహ్నానికల్లా తన నామినేషన్ వెనక్కి తీసుకుని వచ్చాడు. బరిలో మిగిలింది ఆ యజమానీ నేనూ, ఇద్దరమే. నేను కూడా తప్పుకుంటే ఇక పోలింగే ఉండదు.

ఇంట్లో లోపల గడియ ఉన్న గది బాత్రూం ఒక్కటే. వేసేశాను.

"ఏమే! రెండుంబావయింది!"

కుళాయి తిప్పాను.

"నీకేం తెలుసే రాజకీయం? పార్టీ కన్నతల్లి లాంటిది. తప్పుకోమంటే తప్పుకోవాలి."

"కన్నతల్లి సూట్‌కేసిచ్చి మరీ చెప్పిందా?"

అత్తయ్య గొంతు. "మగాడి పరువు తియ్యకే తల్లీ. సంతకమేగా, అరిగిపోతావా? ఏడుపొస్తే తర్వాత ఏడుద్దువుగాని. నేనట్లాగే చేశాను."

"రెండున్నర! తలుపు విరగ్గొడతా!"

చెక్క అదిరింది. తలుపుకి వీపు ఆనించి, ఎదుటి గోడకి కాళ్ళు తన్నిపెట్టాను. నా జీతం ఆయన చేతికి. ఇల్లు ఆయన పేర. పుట్టింటికి వెళ్తే "సర్దుకో" అన్న మాట తప్ప ఇంకోటి దొరకదు. తలుపు తీస్తే పోటీలో నిలవలేను. తియ్యకపోతే ఈ ఇంట్లో ఉండలేను.

"పావు తక్కువ మూడు." గొంతు మారింది. "డబ్బు తీసేసుకున్నానే. వాళ్ళు నన్ను బతకనివ్వరు."

పన్నెండేళ్ళలో ఆయన ఏడవగా వినడం అదే మొదలు. నా చెయ్యి దానంతటదే గడియ మీదికి వెళ్ళింది. బకెట్ పొర్లింది. తెల్లచొక్కాల మీంచి కుళాయిలోని పసుపు నీళ్ళు నా పాదాల మీదికి వచ్చాయి. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

అవతల గదిలో గడియారం మూడు కొట్టింది.

"అయిపోయింది. ఇంక బయటికి రా" అన్నాడు. అరవలేదు.

గడియ తీశాను. చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. వెనక అత్తయ్య. సబ్బు నురగ కారుతున్న నా రెండు చేతులూ జోడించాను.

"ఏవండీ... అత్తయ్యా... మీ ఓట్లు నాకే వెయ్యాలి."