నీళ్ళకింద కలుపు

మునిరత్నమ్మ ఈత కొట్టి పన్నెండేళ్ళయింది. ఒంట్లో సత్తువ తగ్గి కాదు, బావుల్లో నీళ్ళే లేకపోయె! చిన్నప్పుడు ఎండు సొరకాయ నడుముకు కట్టుకుని తన ఊరు పరగోడులో బావులన్నీ ఈదేసిన మనిషి. రెండువేల ఐదు వానలకు ఊరి చెరువు నిండి, పొర్లి మరవ పారింది. మరుసటేడు శ్రావణానికి నీళ్ళు తేటపడ్డాయి.

చిక్కబళ్ళాపురం కాలేజీలో పాఠాలు చెప్పే సహన ఒక సన్నటి ప్లాస్టిక్ పడవను జీపు మీద వేసుకొచ్చి, "ఈత వచ్చినోళ్ళు ఎవరన్నా ఉండారా?" అని అడిగింది. మునిరత్నమ్మ చెనక్కాయ చేలో కలుపు సగంలో వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

పని చిన్నదే. అడుగున పెరిగే గడ్డిని ఊరివాళ్ళే చూసి, లెక్కపెట్టి, కాగితంలో రాసివ్వాలి. కానీ చెరువులో గడ్డి ఉంటుందా పోతుందా అన్నది దానిమీదే ఉంది. గడ్డి నీళ్ళు తాగేస్తోందని, రేపు ట్రాక్టర్లతో గొలుసు లాగి మొత్తం పెరికించాలని చెరువు కమిటీ పెద్ద రామాంజినప్ప తీర్మానం చేసేశాడు. అందులోనే చేపలు గుడ్లు పెడతాయని సహన పోరగా పోరగా కాస్త మెత్తబడ్డాడు.

"రెండు చోట్ల చూడండమ్మా. గుడ్లు కనపడితే గొలుసు ఆపుతా. లేకుంటే తెల్లారేసరికి ట్రాక్టర్లు దిగుతాయి," అని కట్టమీద కూర్చున్నాడు.

సహన మునిరత్నమ్మను పడవలో లోపలికి తీసుకెళ్ళి, కళ్ళకు అద్దాలు పెట్టి, నోటికి గొట్టం అందించి, ఇనుపకమ్మీల చదరం చేతికిచ్చింది. "అడుగున ఇది పెట్టి, లోపలుండే కాడలు ఎంచాల. పీకకూడదు అక్కా!"

"నాకు తెలీదా అమ్మా!"

మునిగింది. అబ్బ, ఆ లోకం! పచ్చటి ఆకులన్నీ ఒకేవైపు ఊగుతున్నాయి. చదరం పెట్టింది, వంగింది, పైకి తేలింది. తేలేసరికి కుడిచేతిలో గుప్పెడు గడ్డి, వేళ్ళతో సహా!

"అక్కా! పీకేస్తివే!"

"అయ్యో నా చెయ్యి పడిపోను! నేను పీకలేదమ్మా, అదే పీకె!"

కట్టమీద రామాంజినప్ప పగలబడి నవ్వాడు. "చూస్తివా సహనమ్మా? అది కలుపని ఆ యమ్మ చెయ్యే చెప్పేసె!"

మునిరత్నమ్మకు తల కొట్టేసినట్టయింది. అడుగు చూస్తే బురద రేగి ఏమీ కనపడడం లేదు. సహన కాగితంలో మొదటి చోటు ఖాళీగా వదిలేసింది. అది చూసి ఇంకా బాధేసింది. మిగిలింది ఒక్క చోటు.

"కొంగు చించి నా కుడిచెయ్యి నడుముకు కట్టమ్మా," అంది.

"ఒంటిచేత్తో ఈదుతావా అక్కా?"

"ఇది ఊరికే ఉంటాదనుకుంటివా? నలభై ఏండ్ల అలవాటు. కట్టు!"

ఈసారి ఎడమచేత్తోనే చదరం పెట్టి, చూపుతోనే కాడకాడా ఎంచింది. కట్టిన చెయ్యి రెండుసార్లు గుంజుకుంది. ఇరవై తొమ్మిది, ముప్పై... ముప్పయ్యో కాడకు సగ్గుబియ్యం అంటించినట్టు తెల్లటి పూసలు! పక్క ఆకుకూ అవే. వాటి నడుమనుంచి గోరంత చేపపిల్లలు బిరబిరా బయటికొచ్చి ఆమె అద్దాల్లోకే చూశాయి.

"ఉండాయి! గుడ్లుండాయి! పిల్లలుండాయి!" పైకి తేలి చెరువంతా వినపడేలా అరిచింది.

"నువ్వు చెప్తే అయిపాయనా?" అంటూ రామాంజినప్ప పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. పడవ అంచు పట్టుకుని, అద్దాలు పెట్టుకుని, తల నీళ్ళలో ముంచాడు. ఊపిరి కోసం లేచాడు, మళ్ళీ ముంచాడు. నాలుగోసారికి మునిరత్నమ్మే అంది, "ఇంక చాలు లేప్పా, అద్దాలు నాకియ్యి!"

ఆయన మొహం తుడుచుకున్నాడు. "గొలుసు వద్దని ట్రాక్టరోళ్ళకు నేనే చెప్తా," అన్నాడు మెల్లగా.

మునిరత్నమ్మ నడుము దగ్గరి కట్టు విప్పుకుంది. పడవలో పడున్న గుప్పెడు గడ్డి తీసుకుని, ఒక్కో కాడా లెక్కపెట్టుకుని, మళ్ళీ మునిగింది. రాగి నారు నాటినట్టు బొటనవేలితో ఒక్కోటీ బురదలో గుచ్చింది. ఊపిరి అందక ఆరుసార్లు పైకొచ్చింది.

అన్నీ అయ్యాక సహన నవ్వుతూ పెన్ను తీసింది. "మొదటి చోట ఎంతని రాయాల అక్కా?"

"పీకింది ఇరవై రెండు, నాటింది ఇరవై రెండు. రాయి. ఈ చెయ్యి పుట్టి బుద్ధెరిగి కలుపు నాటడం ఇదే మొదలు."